పెట్టెకు మూడు తాళాలు ఎందుకు?

ఆఫ్రికా పల్లెల అభివృద్ధి గురించి మాట్లాడేటప్పుడు ఈమధ్య ఒక వాదన తరచూ వినిపిస్తోంది. ప్రభుత్వం పల్లె దాకా రాదు, బ్యాంకు అసలే రాదు, చర్చీ మసీదూ మాత్రం ప్రతి ఊళ్లోనూ ఉన్నాయి. కాబట్టి పేదల పొదుపూ అప్పుల వ్యవహారమూ వాటికే అప్పగిస్తే సరి, దైవభయం ఉన్నచోట లెక్క తప్పదు అని. మొదటి సగంతో నాకు పేచీ లేదు. రెండో సగం దగ్గర మాత్రం ఒప్పుకోలేను. దానికి కారణం ఒక రేకు పెట్టె.

ఆ పెట్టె కథ 1991లో నైజర్ దేశంలోని మరాడి ప్రాంతంలో మొదలైంది. కేర్ అనే అంతర్జాతీయ సేవా సంస్థ అక్కడి హౌసా జాతి ఆడవాళ్లతో కలిసి ఒక పొదుపు పద్ధతి తయారుచేసింది. దాని పేరు మాతా మాసు దుబారా. మన దుబారాకీ దీనికీ సంబంధం లేదు. హౌసా భాషలో దుబారా అంటే ఉపాయం, మొత్తం మాటకు ఉపాయం తెలిసిన ఆడవాళ్లు అని అర్థం. అంతకుముందు కూడా అక్కడ టాంటీన్లు ఉండేవి. మన ఊళ్లలో పాట లేని చీటీ లాంటివన్నమాట: అందరూ తలా ఇంత వేస్తారు, వంతుల వారీగా ఒకరు మొత్తం ఎత్తుకుంటారు. చీటీలో ఇబ్బంది ఏమిటో మనకు తెలిసిందే. జబ్బు చేసిన రోజున మన వంతు రాదు. మన వంతు వచ్చిన రోజున అవసరం ఉండకపోవచ్చు. కొత్త పద్ధతిలో డబ్బు పోగై ఉంటుంది, అవసరమైనవాళ్లు అప్పు తీసుకుంటారు, ఏడాది చివర అసలూ లాభమూ అందరూ పంచుకుని మళ్లీ సున్నా నుంచి మొదలుపెడతారు. ఆ తర్వాత ఇది ఉగాండా, మలావి, టాంజానియా, రువాండా, ఘనా మీదుగా ఖండమంతా పాకింది. మలావిలో దీన్ని బాంకి మ్ఖోండే అంటారు, అంటే వసారాలో బ్యాంకు.

ఇది నడిచే తీరు చూస్తే నా అభ్యంతరం దానంతటదే అర్థమవుతుంది. అందుకే ముందు ఒక సమావేశం ఎలా జరుగుతుందో చెబుతాను.

ఒక సమావేశం

సంఘంలో పదిహేను నుంచి పాతికమంది ఉంటారు. పాతిక దాటితే సమావేశం సాగి సాగి జనం విసుగెత్తిపోతారు, పదిహేను కంటే బాగా తగ్గితే అప్పులివ్వడానికి డబ్బు చాలదు. ఒక్కొక్కరికీ ఒక నంబరు, ఆ వరుసలోనే కూర్చుంటారు. అయిదుగురు బాధ్యులు: అధ్యక్షురాలు, లెక్కలు రాసే ఆమె, పెట్టె ఇంట్లో దాచే ఆమె, డబ్బు లెక్కపెట్టే ఇద్దరు. పెట్టెకు మూడు తాళాలు. తాళం చెవులు దగ్గర ఉంచుకునే ముగ్గురూ ఈ అయిదుగురిలో ఉండకూడదు. అంటే పెట్టె ఉన్న ఇంట్లో చెవి ఉండదు, చెవి ఉన్న ఇంట్లో పెట్టె ఉండదు. అందరి ఎదుటా తప్ప పెట్టె తెరిచే వీలే లేదు.

పెట్టె తెరవగానే లోపలినుంచి పాస్ పుస్తకాలు బయటికి వస్తాయి. ఇవి ఎవరి ఇంటికీ వెళ్లవు, రెండు సమావేశాల మధ్య పెట్టెలోనే ఉంటాయి. తర్వాత అధ్యక్షురాలు అడుగుతుంది: పోయిన వారం పెట్టెలో ఎంత ఉంచాం? ఎవరైనా జ్ఞాపకం నుంచి చెప్పాలి. ఆ తర్వాతే సంచి విప్పి, లెక్కించే ఇద్దరూ అందరికీ కనిపించేలా గిన్నెలో పోసి లెక్కపెడతారు. చెప్పిన అంకె, లెక్కకు వచ్చిన అంకె ఒకటే కావాలి. చదువు రాని ఆడవాళ్ల మధ్య పుట్టిన పద్ధతి ఇది. మొదట్లో మరాడిలో అసలు రాతే లేదు, అంతా నోటి లెక్కే. రాత వచ్చాక కూడా ఈ జ్ఞాపకపు లెక్కను వదలకపోవడం నాకు చాలా తెలివైన నిర్ణయం అనిపిస్తుంది. రాయగలిగిన ఒక్కరి చేతిలో పెత్తనం చేరకుండా ఆపేది అదే.

ముందు ఆపద నిధికి అందరూ సమానంగా వేస్తారు. ఇది వేరే సంచి. చావు, జబ్బు, ఇల్లు కాలడం లాంటి వాటికి ఇందులోంచి సాయం చేస్తారు, వడ్డీ ఉండదు. తర్వాత వాటాలు. ఒక్కో సమావేశంలో ఒక్కొక్కరు ఒకటి నుంచి అయిదు వాటాల దాకా కొనచ్చు. నంబరు పిలవగానే లేచి వచ్చి డబ్బు గిన్నెలో వేస్తారు, లెక్కించే ఆమె ఎన్ని వాటాలో గట్టిగా చెబుతుంది, లెక్కలు రాసే ఆమె పుస్తకంలో అన్ని ముద్రలు కొడుతుంది. ఆ వారానికి పుస్తకంలో అయిదు గళ్లు ఉంటాయి. మూడు వాటాలు కొంటే మూడు గళ్లలో ముద్ర పడుతుంది, మిగిలిన రెండింటినీ అక్కడికక్కడే గీత పెట్టి కొట్టేస్తారు. ఈ గీత చాలామంది మొదట పట్టించుకోరు. ఖాళీ గడి వదిలితే ఏడాది చివర పంపకానికి ముందు ఎవరో ఒకరు అందులో ముద్ర వేసుకునే ప్రమాదం ఉంది. దొంగ వాటాలు పుట్టేది అక్కడే.

నాలుగు వారాలకోసారి అప్పులు. ఎవరికి ఎంత, దేనికి అన్నది అందరి ముందూ చెప్పాలి. తన వాటాల విలువకు మూడింతలకు మించి ఎవరికీ ఇవ్వరు. గడువు సాధారణంగా మూడు నెలలు. అడిగిన మొత్తం పెట్టెలో ఉన్నదాన్ని దాటితే తలా కొంచెం తగ్గించుకునేలా మాట్లాడుకుంటారు. చివర్లో రెండు సంచుల్లో మిగిలినది మళ్లీ లెక్కపెట్టి, అంకెలు గట్టిగా చెప్పి, వచ్చే వారానికి గుర్తుపెట్టుకోమని చెప్పి, తాళాలు వేస్తారు.

చాలాచోట్ల ఈ సమావేశం ప్రార్థనతో మొదలై ప్రార్థనతో ముగుస్తుంది. చర్చి వరండాలోనో మసీదు పక్క చెట్టు కిందో జరుగుతుంది. విశ్వాసం అక్కడ నిండుగా ఉంది. అయినా పద్ధతిలో ఒక్క మెట్టు కూడా ఎవరి భక్తినీ నమ్ముకుని కట్టలేదు. ప్రార్థన చేసిన చేతులకే మూడు తాళాలు వేశారు. అందులో అవమానమేమీ లేదు. తాళం వేసి ఉంటే పెట్టె దాచే ఆమె మీద ఎవరూ నింద వేయలేరు, ఆమె నిబ్బరంగా నిద్రపోతుంది.

లాభం ఎవరిది?

ఇక్కడిదాకా చెప్పినది విని చాలామంది వీటిని ఆకాశానికెత్తుతారు. నాకూ ఇష్టమే. కానీ అంకెలు వేసి చూస్తే ఒక ముల్లు తగులుతుంది.

ఉగాండాలో ఒక సంఘం ఉందనుకుందాం. ఇరవైమంది, వాటా ధర 1,000 షిల్లింగులు, వారానికి సగటున తలా మూడు వాటాలు. 48 వారాల్లో 2,880 వాటాలు, 28,80,000 షిల్లింగులు పోగవుతాయి. అప్పుల మీద వడ్డీ, జరిమానాలు కలిపి మరో 7,20,000 వచ్చాయనుకుందాం. మొత్తం 36,00,000. వాటాకు 1,250 చొప్పున పంచుతారు. వారం వారం అయిదు వాటాలు కొన్న వ్యాపారస్థురాలికి 240 వాటాల మీద 60,000 లాభం. వారానికి ఒక్క వాటాయే కొనగలిగిన కూలి మనిషికి 48 వాటాల మీద 12,000 లాభం.

ఇప్పుడు ఆ వడ్డీ కట్టిందెవరో చూడాలి. కూలి చేసుకునే ఆమె 12 వారాలయ్యాక, తన 12,000 పొదుపుకు మూడింతలు, 36,000 అప్పు తీసుకుందనుకోండి. నెలకు పది శాతం, మూడు నెలల తర్వాత ఒకేసారి కట్టింది. వడ్డీ 10,800. ఏడాది చివర వచ్చిన లాభం 12,000 కాబట్టి ఒక అప్పుతో ఆమె దాదాపు సరికి సరి. అంతే మొత్తం రెండోసారి తీసుకుంటే కట్టిన వడ్డీ 21,600, చేతికొచ్చిన లాభం 12,000. తేడా 9,600 ఎక్కువ వాటాలు ఉన్నవాళ్ల చేతికి వెళ్లింది. వడ్డీ అయిదు శాతానికి దించితే ఈ తేడా సగానికి తగ్గుతుంది, పోదు.

పది శాతం నెలకు అంటే మన లెక్కలో పది రూపాయల వడ్డీ. మన పల్లెల్లో మూడు రూపాయల వడ్డీ అంటేనే గుండె గుభేలుమంటుంది. మలావిలో ఇరవై శాతం పెట్టుకున్న సంఘాలూ ఉన్నాయి. ఎందుకు ఒప్పుకుంటారంటే, బయట వడ్డీ వ్యాపారి దగ్గర అంతకంటే తక్కువ ఉండదు, పైగా అక్కడ పోయింది తిరిగి రాదు. ఇక్కడ కొంతైనా తిరిగొస్తుంది. ఆ మాట నిజమే. కానీ ‘లాభం మన దగ్గరే ఉంటుంది’ అన్న మాటలో మనం అంటే ఎవరన్నది చూడకుండా వదిలేస్తున్నాం.

అయిదు వాటాల పరిమితి పెట్టింది ఇందుకే. అది లేకపోతే వ్యాపారస్థురాలు వారానికి ఇరవై వాటాలు కొని, పేదవాళ్లు కట్టే వడ్డీలో సింహభాగం తీసుకుపోతుంది. పెట్టె క్రమంగా ఆమె వడ్డీ వ్యాపారానికి గోడౌన్ అయిపోతుంది. పరిమితి సడలించమని ఒత్తిడి వచ్చేది కూడా డబ్బున్నవాళ్ల దగ్గరనుంచే, అదీ పట్టణపు సంఘాల్లో ఎక్కువ.

విశ్వాసం ఎక్కడ పనికొస్తుంది?

ఇక్కడే నా వాదనకు నేనే ఒక సవరణ చేయాలి. పెట్టె నియమాలు దొంగతనాన్ని ఆపుతాయి. ఈ వడ్డీ ఎవరి మెడకు చుట్టుకుంటోంది అని మాత్రం అవి అడగవు. ఆ ప్రశ్న అడిగింది మతమే.

నైజర్‌లో ఎక్కువమంది ముస్లింలు. రిబా, అంటే వడ్డీ, తీసుకోకూడదన్న నిషేధం అక్కడ రోజువారీ సంగతి. సంఘాల తరఫున వినిపించే సమాధానం, వడ్డీ బయటి మనిషి జేబులోకి పోవడం లేదు, మన డబ్బు మనకే వస్తోంది అని. పైన వేసిన లెక్క చూస్తే ఆ సమాధానం సగమే నిజం. కాబట్టి అభ్యంతరం చెప్పే మతపెద్దను చాదస్తుడని కొట్టిపారేయలేను. కొన్ని ముస్లిం ప్రాంతాల్లో అప్పు మీద ఏమీ తీసుకోకుండా, అవసరమైన సరుకు సంఘమే కొని కొంచెం లాభానికి సభ్యురాలికి వాయిదాల మీద అమ్మే పద్ధతి పెట్టుకున్నారు. చెప్పినంత తేలిక కాదది. సరుకు కొనడానికి ఒకరు సంతకు వెళ్లాలి, ఆమె చెప్పిన ధర నమ్మాలి. అందరి ముందూ లెక్కపెట్టే గిన్నె దాటి డబ్బు సంత దాకా వెళ్లిందంటే కొత్త తలుపు తెరుచుకున్నట్టే. ఇద్దరిని పంపి, రసీదు తెప్పించి, అదే రోజు లెక్క చెప్పిస్తే కొంత నయం.

క్రైస్తవుల వైపు బైబిల్ రెండు గొంతులతో మాట్లాడుతుంది. లేవీయకాండం 25వ అధ్యాయం, బీదపడ్డ సహోదరుడి దగ్గర వడ్డీ తీసుకోవద్దంటుంది. మత్తయి 25వ అధ్యాయంలో తలాంతుల ఉపమానంలో (తలాంతు అంటే ఆ కాలపు పెద్ద సొమ్ము) యజమాని, నా సొమ్ము సాహుకార్ల దగ్గర ఉంచి ఉంటే వడ్డీతో తీసుకునేవాణ్ణి కదా అంటాడు. చర్చిలో పొదుపు సంఘాలు మొదలుపెట్టేవాళ్లు రెండోదాన్నే ఎక్కువ చదువుతారు. ఆంగ్లికన్ చర్చికి చెందిన ఒక సంస్థ తన పేరే అయిదు తలాంతులని పెట్టుకుంది. సంఘం కొత్త ఏడాది మొదలుపెట్టి వడ్డీ రేటు తేల్చుకునే రోజున మొదటిదాన్ని చదవాలని నాకనిపిస్తుంది. పాస్టరుగారు ఆ రోజు చేయగలిగిన మేలు అదే.

ఆ తర్వాత ఆయన పక్కకు జరగాలి. పాస్టరు అప్పు అడిగితే కాదనగలిగే సభ్యురాలు ఎవరు? గడువు దాటితే జరిమానా వేసేదెవరు? సంఘం పనిచేసేదే తోటివాళ్లను అందరిముందూ అడగగలిగే ధైర్యం మీద. ఎవరిని అడగలేరో వాళ్లు లోపల ఉంటే ఆ ధైర్యం ఒక్క నెలలో చచ్చిపోతుంది. అదే కారణంగా ఊరి పెద్ద భార్యనీ, టీచర్నీ పెట్టె దాచడానికి ఎన్నుకోవడం కూడా ప్రమాదమే. ఇంకొకటి పంపకం రోజు. ఏడాది పొదుపు చేతికొచ్చిన రోజునే చర్చి భవన నిధికి చందా అడిగితే, రాబడిలో పదో వంతు చర్చికివ్వాలన్న దశమ భాగం గుర్తుచేస్తే, అదే వరండాలో కూర్చున్న ఆడవాళ్లు కాదనలేరు. ఎరువుల కోసమో ఫీజు కోసమో ఏడాదంతా పస్తులుండి దాచిన డబ్బు అది. చర్చికి ఇవ్వాలనుకున్నవాళ్లు ఇంటికెళ్లి, లెక్కచూసుకుని, ఆదివారం ఇస్తారు.

రువాండా గుర్తుకు రాకుండా ఈ మాట ముగించలేను. అక్కడ చర్చిల ద్వారా నడిచే పొదుపు సంఘాలు చాలా ఉన్నాయి, బాగా నడుస్తున్నవీ ఉన్నాయి. అదే దేశంలో 1994లో టుట్సీ జాతివాళ్ల మీద జరిగిన మారణహోమంలో న్యామటా, న్టరామా చర్చిల్లో తలదాచుకున్న వేలమందిని అక్కడే చంపారు. ఆ రెండు చర్చిలూ ఇప్పుడు స్మారకాలు. హంతకుల ఇళ్లవాళ్లూ, బతికి బయటపడ్డవాళ్లూ ఒకే ఊళ్లో ఉండాల్సిన చోట, ‘మనమంతా ఒకే దేవుడి పిల్లలం, నమ్మండి’ అని మొదలుపెట్టడం చాలా ఎక్కువ అడగడం. గిన్నెలో నాణేలు అందరికీ వినిపించేలా లెక్కపెట్టడం అంత అడగదు. ఆ వారానికి ఆ అంకె ఒక్కటి ఒప్పుకుంటే చాలు. వచ్చే వారం ఇంకో అంకె. నమ్మకం ముందుంటే పొదుపు మొదలవుతుందని అందరూ అంటారు; అది అడుగంటిన చోట లెక్కతోనే మొదలుపెట్టాల్సి వచ్చింది.

ఇథియోపియాలో ఇంకో ఉదాహరణ ఉంది. ఇద్దిర్ అనే అంత్యక్రియల సంఘాలు అక్కడ దాదాపు ప్రతి పేటలోనూ ఉంటాయి. నెలనెలా చందా, ఎవరింట్లో చావు వస్తే వాళ్లకు డబ్బు, డేరా, బెంచీలు, వంట గిన్నెలు. ఆర్థడాక్స్ క్రైస్తవులకు మహబర్, సెన్‌బెతె అని పూర్తిగా మతపరమైన సంఘాలు వేరే ఉన్నాయి. ఇద్దిర్‌ను మాత్రం చాలాచోట్ల ఇరుగుపొరుగు ప్రాతిపదికన కట్టుకున్నారు, అందులో క్రైస్తవులూ ముస్లింలూ కలిసి ఉంటారు. చావు కన్నా మతానికి దగ్గరైన విషయం ఏముంటుంది? అయినా దాని డబ్బు సంచిని మాత్రం గుడి గడప బయట ఉంచారు. ఎవరో బయటివాళ్లు నేర్పితే వచ్చిన తెలివి కాదది.

చెడిపోయే చోట్లు

పెట్టె ఎప్పుడు ప్రమాదంలో పడుతుందో చెప్పుకోవాలి, ఎందుకంటే మంచి కథలు చెప్పేవాళ్లు ఇవి వదిలేస్తారు. మొదటి నెలల్లో డబ్బు తక్కువ, అడిగేవాళ్లు ఎక్కువ. చివరి రెండు నెలల్లో సరిగ్గా తలకిందులు: పంపకం లోపల అప్పులన్నీ తిరిగి రావాలి కాబట్టి కొత్త అప్పులు ఆగిపోతాయి, పెట్టె నిండుతుంది, పనిలేని డబ్బు ఒక ఇంట్లో కూర్చుంటుంది. దొంగల కన్ను పడేది అప్పుడే. తాళాలు మూడైనా రేకు పెట్టెను భుజాన వేసుకుని పోవచ్చు. అందుకే చివరి వాయిదాల వసూలూ పంపకమూ ఒకే రోజు, పొద్దున్నే పెట్టుకోవాలి, ఆ తేదీ బయట చెప్పుకోకూడదు.

పంపకం ఏ నెలలో అన్నది ఇంకా ముఖ్యం. మలావిలో వానలు నవంబరు, డిసెంబరుల్లో మొదలవుతాయి, జనవరి నుంచి మార్చి దాకా ఆకలి నెలలు. ఎరువు కొనే సమయానికి పంచుకుంటే పంట మీద పడుతుంది. పండగకు పంచుకుంటే పండగలో పోతుంది. ఉగాండాలో బడి సంవత్సరం ఫిబ్రవరి ప్రాంతంలో మొదలవుతుంది కాబట్టి క్రిస్మస్ ముందు పంచుకున్న సంఘాలకూ జనవరి చివర పంచుకున్న సంఘాలకూ ఫీజు కట్టే రోజున తేడా తెలుస్తుంది.

గడువు దాటిన అప్పును పంపకం తర్వాతకు జరపడం అన్నిటికన్నా పాడు అలవాటు. ఒక్కరికి జరిపితే వచ్చే ఏడాది నలుగురు అడుగుతారు. కట్టలేకపోతే ఆమె వాటాల్లోంచి కోసుకుని పుస్తకం మూసేయాలి. ఏడాదికోసారి అంతా సున్నాకు రావడంలో ఉన్న బలమే అది: ఏ తప్పుడు లెక్కా పన్నెండు నెలలకు మించి దాక్కోలేదు. అమ్ముకున్న భూములు తిరిగొచ్చి, బానిసలు విడుదలయ్యే సునాద (జూబిలీ) సంవత్సరాన్ని లేవీయకాండం యాభై ఏళ్లకోసారి పెట్టింది, ఈ ఆడవాళ్లు ఏటా పెట్టుకున్నారు.

ఇప్పుడు మొబైల్ డబ్బు వచ్చి పెట్టె బదులు ఫోన్ ఖాతా, మూడు తాళం చెవుల బదులు మూడు పిన్ నంబర్లు అంటున్నారు. దొంగతనం భయం పోతుంది, అది చిన్న విషయం కాదు. కానీ గిన్నెలో నాణేల చప్పుడు కూడా పోతుంది. ఖాతాలో ఎంత ఉందో ఫోన్ పట్టుకున్న ఆమె చదివి చెబితే మిగతావాళ్లు వినాలి. ఫోన్‌కు మారిన సంఘాలు కూడా నిల్వ సందేశాన్ని కనీసం ముగ్గురి ఫోన్లకు వచ్చేలా పెట్టుకుని, పాత పద్ధతిలోనే అందరి చేతా అంకె చెప్పించాలి.

బయటి డబ్బు సంగతి మన తెలుగువాళ్లకు బాగా తెలియాలి. నెల్లూరు జిల్లాలో సారా వ్యతిరేక ఉద్యమం తర్వాత రోజుకో రూపాయి దాచుకోవడంతో మొదలైన మన పొదుపు సంఘాలకు బ్యాంకు అప్పులు తోడయ్యాయి, తర్వాత పావలా వడ్డీ వచ్చింది. మన సంఘాలు ఎదిగింది అందువల్లే, నేను కాదనను. అదే సంఘాల ఆడవాళ్ల చుట్టూ సూక్ష్మరుణ కంపెనీలు చేరి ఒకరి మీద ఒకటిగా అప్పులిచ్చి, వసూళ్ల ఒత్తిడిలో ఆత్మహత్యల వార్తలు వచ్చి, 2010 అక్టోబరులో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఆర్డినెన్స్ తేవాల్సి వచ్చింది. ఆఫ్రికాలో ఈ సంఘాలు నేర్పేవాళ్లు మొదటి ఏడాది బయటి డబ్బును గడప తొక్కనివ్వరు. సొంత డబ్బును వేడి డబ్బు అనీ, దాతలనుంచి వచ్చినదాన్ని చల్ల డబ్బు అనీ కొన్నిచోట్ల పిలుస్తారు. చల్ల డబ్బును తిరిగి కట్టమని పొరుగింటామెను ఎవరూ గట్టిగా అడగరు. విదేశీ చర్చి ప్రేమతో పంపే విరాళం కూడా చల్ల డబ్బే. ఆ ప్రేమను పెట్టె, తాళాలు, పాస్ పుస్తకాలు, ముద్ర, నేర్పే మనిషి జీతం దగ్గర ఆపేయడం మంచిది.

పెట్టె చేయలేనిది

2017లో ఘనా, మలావి, ఉగాండా మూడు దేశాల్లో జరిగిన ఒక పెద్ద అధ్యయనం ఫలితాలు వచ్చాయి. సంఘాలున్న ఊళ్లలో పొదుపూ అప్పూ పెరిగాయి, ఆడవాళ్ల చిన్న వ్యాపారాలు మెరుగుపడ్డాయి, ఇంట్లో వాళ్ల మాట చెల్లుబడి పెరిగింది. సగటున కుటుంబాల తిండీ ఖర్చూ మాత్రం పెరిగినట్టు కనబడలేదు. పెట్టె పేదరికాన్ని దాటిస్తుందని చెప్పేవాళ్లు ఈ రెండో సగం కూడా చదవాలి. ఊళ్లో ఉన్న డబ్బునే అది చేతులు మారుస్తుంది, ఊళ్లోకి కొత్తగా డబ్బు తేదు. రోడ్డు, ఆసుపత్రి, బడి అప్పులు చేసి కట్టుకునేవి కావు.

ఇక్కడ చర్చిలు వేరే పని చేసి చూపించాయి. పేద దేశాల అప్పులు రద్దుచేయాలని సాగిన జూబిలీ 2000 ఉద్యమానికి పేరు ఇచ్చిందే ఆ లేవీయకాండం. 1998 మేలో బర్మింగ్‌హామ్‌లో ధనిక దేశాల నాయకులు సమావేశమైనప్పుడు దాదాపు డెబ్బై వేలమంది చేతులు పట్టుకుని నిలబడ్డారు. అప్పు మాఫీ మొదట పొందిన దేశం ఉగాండా, అదే ఏడాది. టాంజానియా అప్పు ఊరట తర్వాత 2001లో ప్రాథమిక పాఠశాల ఫీజులు ఎత్తేసింది. ఒక్క నిర్ణయంతో అన్ని లక్షల కుటుంబాలకు ఫీజు అప్పు తప్పింది. ఎన్ని పెట్టెలు పెడితే అంత పని అవుతుంది?

అయితే మాఫీ డబ్బు బడి దాకా చేరుతుందా అన్నది మళ్లీ తాళాల ప్రశ్నే. ఉగాండాలో 1991 నుంచి 1995 దాకా ప్రభుత్వం బడులకు పంపిన తలసరి నిధుల్లో సగటున 13 శాతమే బడులకు చేరిందని ఒక సర్వేలో తేలింది. మిగతాది దారిలో జిల్లా కార్యాలయాల్లో ఆగిపోయింది. ఆ తర్వాత ప్రభుత్వం ఏ జిల్లాకు ఎంత పంపిందో పత్రికల్లో వేయడం, బడి గోడ మీద అంటించడం మొదలుపెట్టింది. చేరే వాటా బాగా పెరిగింది. అందులో పత్రికల పాత్ర ఎంత, మిగతా మార్పులది ఎంత అని పరిశోధకులు ఇప్పటికీ వాదించుకుంటారు. నాకు కనిపించేది మాత్రం వసారాలో జరిగే పనే దేశం కొలతలో జరగడం: ఎంత ఉందో గట్టిగా చెప్పారు, విన్నవాళ్లు గుర్తుపెట్టుకున్నారు.

సునాద సంవత్సరం పేరుతో ధనిక దేశాలను నిలదీసిన చర్చి, తన వరండాలో పెట్టె చుట్టూ కూర్చున్నవాళ్లలో ఎవరు ఎవరికి వడ్డీ కడుతున్నారో కూడా అడగాలి. ఎవరు అసలు సంఘంలోకి రాలేకపోయారో అడగాలి. వారానికి ఒక్క వాటా కూడా కొనలేని వితంతువు, ‘నాకెందుకులే’ అని తనంతట తానే దూరంగా ఉండిపోతుంది. ఎవరూ ఆమెను వద్దనలేదు కాబట్టి తప్పు ఎవరిదీ కాదన్నట్టు ఉంటుంది. వాటా ధర కొత్త ఏడాది మొదట్లో ఒక్కసారే తేలుతుంది, మధ్యలో మారదు. ఆ రోజు సాధారణంగా ముందు మాట్లాడేది వ్యాపారస్థురాలు. ఆమె 2,000 అంటే మిగతావాళ్లు సిగ్గుపడి సరే అంటారు. ఆ రోజు ఆమెకంటే ముందు ఆ వితంతువును పిలిపించి, ఆకలి నెలల్లో కూడా వారం వారం తప్పకుండా ఎంత వేయగలవని అడిగి, ఆమె చెప్పిన అంకెనే వాటా ధరగా పెట్టాలి. ఎక్కువ వేయగలిగినవాళ్లకు పైన ఇంకా నాలుగు గళ్లు ఖాళీగానే ఉంటాయి.